తొమ్మిదంగుళాల గోడలో పిల్లరు: సొంతింటికి స్ట్రక్చరల్ ఇంజనీరు ఎందుకు, ఎప్పుడు

తెలుగు ఊళ్లలో ఏ వీధిలో నిలబడి తలెత్తి చూసినా డాబాల మీద ఇనుప చువ్వలు గుత్తులు గుత్తులుగా లేచి కనిపిస్తాయి. రేపోమాపో ఇంకో అంతస్తు వేస్తామన్న ఆశకు అవి గుర్తు. కొందరు వాటికి సిమెంటు పాలు పూస్తారు, కొందరు ఖాళీ సీసాలు బోర్లిస్తారు, చాలామంది బట్టలారేసే తీగ కడతారు. పదేళ్లకో పదిహేనేళ్లకో పిల్లల పెళ్లిళ్ల వేళకు ఆ అంతస్తు వేయాల్సిన రోజు వస్తుంది. మేస్త్రీ వచ్చి తుప్పు దులిపి, పాత చువ్వల పక్కన కొత్త చువ్వలు కట్టి పని మొదలుపెడతాడు. 16 మిల్లీమీటర్ల చువ్వను చుట్టూతా ఒక్క మిల్లీమీటరు మేర తుప్పు తింటే మిగిలేది 14 మిల్లీమీటర్లు. చూపుకు తేడా తెలియదు గానీ, బరువు మోసే ఇనుములో దాదాపు నాలుగో వంతు పోయినట్టే లెక్క. ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఆ చువ్వల అడుగున, మట్టిలో ఉంది. ఆ పిల్లర్ల కింది ఫుటింగులను, అంటే పిల్లరు బరువును నేల మీద పరిచే కాంక్రీటు దిమ్మెలను, ఎన్ని అంతస్తులకని లెక్కగట్టి వేశారు? దీనికి కాగితం మీద జవాబున్న ఇళ్లు చాలా తక్కువ.

ఎందుకు తక్కువో తెలియాలంటే మన దగ్గర ఇల్లు ఎలా మొదలవుతుందో చూడాలి. ముందు వాస్తు సిద్ధాంతి వస్తాడు. ఆ తర్వాత ప్లాను గీసే మనిషి. ఆ ప్లాను పట్టుకుని మేస్త్రీ ఎన్ని పిల్లర్లు, ఏ సైజు, ఎంత ఇనుము అన్నది నిలబడ్డపళంగా చెప్పేస్తాడు. ‘తొమ్మిది పన్నెండు పిల్లరు, ఆరు పదహార్లు, అయిదంగుళాల స్లాబు’ అంటాడు, అంటే తొమ్మిదికి పన్నెండంగుళాల పిల్లరు, అందులో 16 మిల్లీమీటర్ల చువ్వలు ఆరు. పిల్లర్లు, పునాదులు ఎంత బరువు మోయాలో లెక్కగట్టే స్ట్రక్చరల్ ఇంజనీరు కావాలన్న మాట వచ్చేది మున్సిపాలిటీలో అనుమతికి దరఖాస్తు పెట్టే రోజున. అక్కడ కావలసింది సంతకం, ముద్ర. ప్లాను గీసిన మనిషే తనకు తెలిసిన ఇంజనీరుతో అవి వేయిస్తాడు. ఇంటి యజమాని ఆ ఇంజనీరు మొహం కూడా చూసి ఉండడు, ఇంజనీరు ఆ స్థలం చూసి ఉండడు. ఇంజనీరును పెట్టుకున్నామనే అందరూ అనుకుంటారు. నిజానికి కొన్నది సంతకం. డిజైను ఎవరూ కొనలేదు.

మేస్త్రీని తక్కువ చేసి చెప్పే మాట కాదిది. ఇరవై ఏళ్లుగా ఒకే ప్రాంతంలో ఇళ్లు కట్టిన మేస్త్రీకి ఆ నేల గురించి, ఆ ఊరి ఇసుక గురించి తెలిసినంత కొత్తగా పట్టా పుచ్చుకున్న ఇంజనీరుకు తెలియదు. చిక్కల్లా ఆ అనుభవం పాత ఇళ్లదన్నదే. పదడుగుల గదులు, ఒక అంతస్తు, మందపు గోడలు ఉన్న రోజుల్లో పనికొచ్చిన కొలత, ఇరవై అడుగుల హాలు, కింద కార్ల పార్కింగు, పైన మూడంతస్తులు అడిగే ఇంటికి పనికి రాదు. మేస్త్రీ ఆ తేడాను సరిచేయడానికి ఎంచుకునే దారి ఒక్కటే, ఇంకాస్త ఇనుము వేయడం. కొన్నిచోట్ల అది దండగ. కొన్నిచోట్ల ఎంత వేసినా చాలదు.

చట్టం ఈ విషయంలో పెద్దగా ఆదుకోదు. ఆర్కిటెక్ట్ అని పేరు పక్కన రాసుకోవాలంటే 1972 నాటి కేంద్ర చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదై ఉండాలి. ఇంజనీరు అన్న మాటకు దేశవ్యాప్తంగా అలాంటి కాపలా లేదు. నగరపాలక సంస్థలు, పట్టణాభివృద్ధి సంస్థలు తమ పరిధిలో స్ట్రక్చరల్ ఇంజనీర్లకు లైసెన్సులిస్తాయి, అంతే. పైగా అనుమతుల విధానం యజమాని మాట మీద నడిచే వైపు మళ్లింది. తెలంగాణలో ఇళ్ల అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు మించని ఇంటికి అనుమతే అక్కర్లేదు, నమోదు చేసుకుంటే చాలు అంది. 600 గజాల వరకు స్థలంలో 10 మీటర్ల లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇమ్మంది. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. కానీ ఇల్లు నిలబడుతుందా లేదా అని అడిగే బాధ్యత కూడా ఆఫీసు మీద నుంచి యజమాని మీదికి వచ్చి పడింది. అసలు అంతకు ముందైనా అనుమతి ఇచ్చేవారు చూసింది ప్రధానంగా చుట్టూ వదిలిన ఖాళీలు, ఎత్తు, రోడ్డు వెడల్పు. ఫుటింగులో ఎన్ని చువ్వలున్నాయో గోతిలోకి దిగి లెక్కపెట్టేవారు అప్పుడూ లేరు.

స్ట్రక్చరల్ ఇంజనీరు చేసే పనిలో మొదటిది, మామూలుగా అందరూ ఎగ్గొట్టేది మట్టి. ఇల్లు ఎంత బరువుంటుందో ఒకసారి వేసి చూస్తే మట్టి సంగతి ఎందుకు ముందుకొస్తుందో తెలుస్తుంది. కాంక్రీటు ఘనపు మీటరుకు రెండున్నర టన్నులు. అయిదంగుళాల స్లాబు ఒక్కటే చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. దాని మీద టైల్సు, కింద ప్లాస్టరింగు, మనుషులు, సామాన్లు కలుస్తాయి. మనుషులకూ సామాన్లకూ ప్రమాణాలు పెట్టిన లెక్క చదరపు మీటరుకు 200 కిలోలు. పదడుగుల ఎత్తున్న తొమ్మిదంగుళాల ఇటుక గోడ అడుగు పొడవుకు దాదాపు 400 కిలోలు. ఇవన్నీ కలిపి చూస్తే, పన్నెండడుగుల ఎడంతో పిల్లర్లున్న మామూలు రెండంతస్తుల ఇంట్లో నడిమధ్య పిల్లరు మీద పడే బరువు సుమారు 30 టన్నులు. ఇసుక నింపుకొన్న లారీ ఒకటి ఒకే కాలి మీద నిలబడ్డట్టు.

ఆ 30 టన్నులను మోయాల్సింది చివరికి మట్టే. గట్టి మొరం నేల చదరపు మీటరుకు 20 టన్నులు మోస్తుందనుకుంటే నాలుగుంపావు అడుగుల చదరపు ఫుటింగు సరిపోతుంది. అదే పిల్లరు, అదే ఇల్లు, చదరపు మీటరుకు 10 టన్నులే మోసే నేల మీద కడితే ఆరడుగుల ఫుటింగు కావాలి. ఇక చెరువు పూడ్చి ప్లాట్లు వేసిన చోటైతే ఆ 10 కూడా నమ్మలేం. ‘అందరూ నాలుగడుగులే వేస్తున్నారు, మనమూ అంతే’ అనే మాట ఎక్కడ దెబ్బ తీస్తుందో ఇక్కడ తెలుస్తుంది. పక్క ప్లాటు వాళ్లకు రాయి తగిలిన చోట మన ప్లాటుకు పూడిక తగలవచ్చు.

తెలుగు నేలలు ఒక్క తీరుగా ఉండవు. హైదరాబాద్ చుట్టుపక్కల చాలాచోట్ల నాలుగైదు అడుగులకే మొరం, ఆ కింద గ్రానైట్ తగులుతాయి. అక్కడి అలవాటుతో మేస్త్రీ కోనసీమకో భీమవరానికో వెళితే మెత్తటి బంకమట్టి, చేతికందే లోతులో నీళ్లు. ఆదిలాబాద్, కర్నూలు, గుంటూరు ప్రాంతాల నల్లరేగడి ఇంకో రకం గడుసుది. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. దాని మీద తేలిగ్గా ఉండే చిన్న ఇల్లే ఎక్కువ బాధపడుతుంది, ఎందుకంటే ఉబ్బే మట్టిని అణిచిపెట్టేంత బరువు దానికి ఉండదు. గృహప్రవేశమైన రెండో ఏటికల్లా కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు లేస్తాయి. పుట్టీ పెట్టి రంగు వేస్తారు, మళ్లీ వానాకాలం రాగానే అవే పగుళ్లు అక్కడే తెరుచుకుంటాయి. దీనికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దశాబ్దాల కిందటే మందు కనిపెట్టింది. తేమ మార్పులు అంతగా సోకని లోతుకు, సుమారు మూడున్నర మీటర్ల కిందికి, అడుగున గంట ఆకారంలో ఉబ్బెత్తుగా ఉండే సన్నటి పైల్స్, అంటే నేలలోకి దిగే కాంక్రీటు స్తంభాలు, దించి వాటి మీద ఇంటిని నిలబెట్టడం. ఇది తెలిసిన ఇంజనీరు అవసరమైన చోటే వాడతాడు. తెలియని మనిషి గోతిలో ఇసుక నింపి పైన ఇంకో వరుస ఇనుము వేయిస్తాడు.

మట్టి పరీక్ష అంటే భయపడాల్సిందేమీ లేదు. స్థలంలో ఒకటి రెండు చోట్ల బోరు వేస్తారు. లోపలికి గొట్టం దించి 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, ఆ గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. రెండు మూడు దెబ్బలకే దిగిందంటే నేల మెత్తన, యాభై కొట్టినా కదలలేదంటే గట్టి పొరో రాయో తగిలినట్టు. చిన్న ఇంటికి, గట్టి నేలని ముందే తెలిసిన చోట, ఇంజనీరు స్వయంగా వచ్చి గొయ్యి తవ్వించి చూసి సరిపెట్టవచ్చు కూడా. ఎటొచ్చీ, మట్టి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఫుటింగు డ్రాయింగు ఇచ్చిన ఇంజనీరును నమ్మడం కష్టం. ఆ డ్రాయింగు ఇంకెవరిదో ఇంటికి గీసింది అయి ఉంటుంది.

మట్టి తర్వాత పిల్లరు. మన ఇళ్లలో పిల్లరుకు తొమ్మిదంగుళాల వెడల్పు ఎక్కడి నుంచి వచ్చింది? బరువు లెక్క నుంచి రాలేదు, గోడ నుంచి వచ్చింది. గోడ తొమ్మిదంగుళాలు కాబట్టి పిల్లరూ తొమ్మిదంగుళాలే ఉంటే లోపల దాక్కుంటుంది. బీరువా, మంచం గోడకు ఆనుకుంటాయి. చూడముచ్చటగా ఉంటుంది. కాని భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో సవరించిన ఐఎస్ 13920, భూకంపాన్ని తట్టుకోవలసిన కట్టడాల్లో పిల్లరు ఏ వైపునా 300 మిల్లీమీటర్లకు, అంటే పన్నెండంగుళాలకు తగ్గకూడదంటుంది. భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని జోన్లుగా విడగొట్టారు, అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. ఈ ప్రమాణం మూడో జోన్ నుంచి పైకి వర్తిస్తుంది. 2016 నాటి భూకంప పటంలో హైదరాబాద్, విశాఖపట్నం రెండో జోన్‌లో ఉన్నాయి. విజయవాడ, ఒంగోలు, నెల్లూరు మూడో జోన్‌లో ఉన్నాయి. విజయవాడలో తొమ్మిదంగుళాల పిల్లరుతో లేచిన అపార్టుమెంటు ఈ లెక్కకు నిలవదు. అయినా లేస్తూనే ఉన్నాయి.

భూకంపం మన ఊరి సంగతి కాదులే అనుకునేవారికి 2024 డిసెంబరు 4 ఉదయం గుర్తుండాలి. ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే హైదరాబాద్ దాకా, విజయవాడ దాకా మనుషులు ఇళ్లలోంచి బయటికి వచ్చారు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ఇలాగే ఊగాయి. ఇవి ఇళ్లను నేలమట్టం చేసేంతవి కావు. అయితే 2001లో భుజ్ భూకంపం వచ్చినప్పుడు 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. వాటిలో చాలా వాటికి కింద గోడల్లేని పార్కింగు, పైన గోడలు నిండిన అంతస్తులు. పైభాగం పెట్టెలా బిగుసుకుని ఉంటుంది, ఊపంతా కింది పిల్లర్ల మీద పడుతుంది. మన నగరాల్లో ప్రతి కొత్త వీధిలోనూ ఉన్నది సరిగ్గా ఈ నమూనాయే.

కాబట్టి ఇంజనీరు ప్లాను ఖాయమయ్యాక కాదు, ప్లాను గీస్తున్నప్పుడే కూర్చోవాలి. పిల్లరు మూడంగుళాలు బయటికి రావాల్సి వస్తే దాన్ని తలుపు వెనక్కో, అల్మరా పక్కకో, ఇంటి బయటివైపుకో జరపవచ్చు. ముగ్గు పోశాక జరపలేరు. ఇంకొకటి, కింద హాలు విశాలంగా కావాలని, పైన పడకగది గోడ ఇంకోచోట రావాలని ప్లాను గీస్తే, కింద ఆధారం లేకుండా బీము నడుమ మీద పిల్లరు నిలబెట్టాల్సి వస్తుంది. దానికీ లెక్క ఉంది గానీ, ఆ ఒక్క బీము ఇంటి మొత్తం ఖర్చును పెంచుతుంది, ప్రమాదాన్నీ పెంచుతుంది. ప్లాను దశలో గోడను అడుగున్నర జరిపితే ఆ గొడవే ఉండదు.

వాస్తుకూ ఇంజనీరుకూ పడదన్న అపోహ ఒకటుంది. పేచీ నిజానికి వాస్తుతో కాదు, వాస్తు చెప్పిన సంగతి ఇంజనీరుకు చెప్పకపోవడంతో. నైరుతి బరువుగా ఉండాలంటారు, ఓవర్‌హెడ్ ట్యాంకు అక్కడే పెడతారు. 2000 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్లే రెండు టన్నులు. ఆ మూల పిల్లరు ఆ బరువుకు సిద్ధంగా ఉంటే ఏ చిక్కూ లేదు. ఈశాన్యంలో నీళ్లుండాలంటారు, అక్కడ సంపు తవ్వుతారు. ఇది మాత్రం జాగ్రత్తగా చూడాల్సిన చోటు. ఈశాన్యపు పిల్లరు ఫుటింగు అయిదడుగుల లోతున ఉంటుంది. ఇల్లు లేచిపోయాక, ఆఖరున, దాని పక్కనే ఎనిమిదడుగుల గొయ్యి సంపు కోసం తవ్వుతారు. అంటే అంత బరువు మోస్తున్న ఫుటింగు పక్క నుంచి, దాని అడుగుకన్నా మూడడుగుల కిందికి మట్టి తీసేశారన్న మాట. ఆ మట్టి పక్కకు జారితే ఫుటింగు కుంగుతుంది. సంపు ముందు తవ్వి గోడ కట్టేసి తర్వాత ఫుటింగు వేసినా, ఆ మూల ఫుటింగునే సంపు లోతుకు దించినా, సంపును తగినంత దూరం జరిపినా సమస్య తీరిపోతుంది. మూడూ మొదటి వారంలో తీసుకోవలసిన నిర్ణయాలు. సిద్ధాంతిని, ఇంజనీరును ఒకేరోజు స్థలానికి పిలిస్తే గంటలో తేలిపోయే విషయం ఇది.

పక్కవాడి గొయ్యి కూడా మన ఇంటి సంగతే. 2024 నవంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి సిద్దిఖ్ నగర్‌లో యాభై అరవై గజాల స్థలంలో లేచిన అంతస్తుల భవనం ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆనుకుని ఉన్న స్థలంలో పునాదులకు తవ్వుతున్నారు. ప్రాణాలు దక్కాయి, భవనాన్ని మాత్రం కూల్చేయాల్సి వచ్చింది. ఇరుకు స్థలాల్లో సరిహద్దును ఆనుకుని కట్టేవారికి ఇంజనీరు చెప్పవలసిన ముఖ్యమైన మాట ఇనుము గురించి కాదు, ఏ గొయ్యి ఎప్పుడు, ఎంత ముక్కలుగా తవ్వాలన్నదాని గురించి.

డ్రాయింగులు చేతికి వచ్చాయనుకుందాం. ఎన్ని ఉండాలి? పిల్లర్ల స్థానాలు, ఫుటింగులు, పిల్లర్ల పట్టిక, ప్లింత్ బీములు (గోడల అడుగున, నేల మట్టంలో పిల్లర్లను కలిపేవి), ప్రతి స్లాబుకూ బీములకూ ఇనుము వివరాలు, మెట్లు, సజ్జలు, సంపు, ట్యాంకు. వీటితో పాటు ఒక పేజీ చాలామంది అడగరు: ఏ లెక్కల మీద ఈ డిజైను చేశారన్న వివరణ. మట్టి బలం ఎంత అనుకున్నారు, ఎన్ని అంతస్తులకు, ఏ భూకంప జోన్, ఏ రకం కాంక్రీటు, ఏ ఇనుము. స్టాడ్, ఈటాబ్స్ లాంటి డిజైను సాఫ్ట్‌వేర్లలో తీసిన వంద పేజీల ప్రింటు ఇచ్చి ఇదే డిజైను అంటే నమ్మనక్కర్లేదు. కంప్యూటర్ తనకిచ్చిన అంకెలకు మాత్రమే జవాబు చెబుతుంది. మట్టి బలం 20 అని కొడితే 20కే లెక్కగడుతుంది, స్థలానికి వెళ్లి చూడదు.

ఆ తర్వాత అసలు పరీక్ష, స్లాబు రోజు. తెల్లవారకముందే మిక్సర్ వస్తుంది, కొబ్బరికాయ కొడతారు, కూలీలు తట్టలతో వరుస కడతారు, యజమాని టీలు, మజ్జిగ పంచుతూ తిరుగుతుంటాడు. ఇల్లు కట్టే ఏడాదిలో అదొక పండుగ. బాల్కనీ దగ్గర ఏం జరుగుతుందో ఒకసారి గమనించాలి. గదుల మధ్య స్లాబులో ప్రధానమైన ఇనుము అడుగున ఉంటుంది, ఎందుకంటే బరువుకు స్లాబు కిందికి వంగితే సాగేది అడుగు భాగం. బయటికి పొడుచుకు వచ్చిన బాల్కనీలో, సజ్జలో ఇది తలకిందులు. సాగేది పైభాగం, కాబట్టి ఇనుము పైన ఉండాలి. చువ్వలు వంచి కట్టే రాడ్‌బెండర్ పైనే కట్టాడు, ఇంజనీరు డ్రాయింగులో పైనే చూపించాడు. కానీ కూలీలు నడిచేది ఆ చువ్వల మీదే. కింద కుర్చీల్లాంటి ఇనుప ఆధారాలు సరిగ్గా లేకపోతే తొక్కిడికి చువ్వలు కిందికి దిగిపోతాయి. అయిదంగుళాల బాల్కనీ స్లాబులో పై ఇనుము ఒక్క అంగుళం దిగిందంటే దాని సత్తువలో దాదాపు నాలుగో వంతు పోయినట్టు. పూర్తిగా అడుగుకు చేరితే ఆ ఇనుము ఉన్నా లేనట్టే. సెంట్రింగు విప్పే రోజున, లేదా ఏదో శుభకార్యానికి పదిమంది అక్కడ చేరిన రోజున అది తెలుస్తుంది. ఇనుము ఒక్క కిలో తగ్గలేదు, సిమెంటు తగ్గలేదు, అన్నీ బిల్లుల్లో ఉన్నాయి. తగ్గింది ఆధారాల ఎత్తు.

అందుకే ఇంజనీరు రావాల్సింది స్లాబు రోజు పొద్దున కాదు, ముందు రోజు సాయంత్రం. సరిదిద్దడానికి అప్పుడే వీలుంటుంది. అతని కళ్లు వెతికేవి చిన్నచిన్న విషయాలు. పిల్లరు చువ్వలకు చుట్టే రింగుల కొసలు 90 డిగ్రీలకు వంచి వదిలేశారా, లేక 135 డిగ్రీలకు వంచి లోపలి కాంక్రీటులోకి దింపారా? మొదటిది రాడ్‌బెండర్‌కు సులువు. భూకంపానికి పై పెచ్చు ఊడితే అలాంటి రింగు విచ్చుకుంటుంది, చువ్వలు బయటికి ఉబ్బుతాయి. బీములు పిల్లరును కలిసే ముడి దగ్గర రింగులు వేశారా? చెయ్యి పట్టదని అక్కడే మానేస్తారు, అక్కడే అవి ఎక్కువ కావాలి. చువ్వకూ సెంట్రింగుకూ మధ్య, చువ్వ మీద కాంక్రీటు మందాన్ని, అంటే కవరును, నిలిపే బిళ్లలు ఉన్నాయా, కంకర రాయి ఏరి పెట్టారా? స్లాబుకు 20, పిల్లరుకు 40, ఫుటింగుకు 50 మిల్లీమీటర్ల కవరు ఉండాలని కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. సముద్రగాలి తగిలే విశాఖ, కాకినాడ వంటి చోట్ల ఇంకా ఎక్కువ కావాలి. లేకపోతే ఇరవై ఏళ్లకు సజ్జల అడుగున పెచ్చులూడి ఎర్రటి ఇనుము బయటపడుతుంది.

నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే, ఎవరూ పాటించరు. మామూలు ఇంటి కాంక్రీటులో 50 కిలోల బస్తాకు 25 నుంచి 27 లీటర్ల నీళ్లు చాలు, తడి ఇసుకైతే ఇంకా తక్కువ. పని సులువుగా జారాలని బకెట్లతో పోస్తారు. ఆ రోజే అదే కాంక్రీటుతో కొన్ని క్యూబులు (చిన్న ఘనపు దిమ్మలు) పోయించి, 28 రోజులకు ప్రయోగశాలలో పగలగొట్టించి చూస్తే తెలిసిపోతుంది. మిక్సర్ పక్కన క్యూబు అచ్చులు కనిపించాయంటే చాలు, నీళ్ల బకెట్ దానంతటదే వెనక్కి తగ్గుతుంది.

ఫీజు దగ్గర అందరూ తటపటాయిస్తారు. ఇంజనీర్లు చదరపు అడుగుకు ఇంత అనో, మొత్తం పనికి ఇంత అనో అడుగుతారు. ఊరిని బట్టి, పనిని బట్టి ఆ అంకె మారుతుంది. దాన్ని వేటితో పోల్చాలన్నదే ప్రశ్న. 2400 చదరపు అడుగుల ఇంటికి మేస్త్రీ అడుగుకు నాలుగు కిలోల ఇనుము చెప్పాడనుకుందాం, 9600 కిలోలు. లెక్కగట్టిన డిజైనులో అడుగుకు అరకిలో తగ్గితే 1200 కిలోలు మిగులుతాయి. కిలో 60 రూపాయలనుకున్నా 72 వేలు. ప్రతి ఇంట్లోనూ ఇనుము తగ్గుతుందని కాదు. కొన్ని ఇళ్లలో మేస్త్రీ చెప్పినదానికన్నా పెరుగుతుంది, అప్పుడు ఆ ఫీజు ఇంకా బాగా గిట్టినట్టు. హాల్లో టైల్స్ రకం మార్చడానికి క్షణం ఆలోచించని మనుషులు ఇంజనీరు దగ్గర వెయ్యి రూపాయలకు బేరమాడటం వింతే. బేరం తెగ్గానే అతను తగ్గించేది రాకపోకలనే. డ్రాయింగు పంపేసి ఊరుకుంటాడు.

ఒప్పందం రాసుకునేటప్పుడు చూడవలసింది ఆ రాకపోకలనే. గోతులు తవ్వాక, ఫుటింగు ఇనుము కట్టాక, పిల్లర్లు మొదలయ్యాక, ప్లింత్ బీములప్పుడు, ఒక్కో స్లాబుకు ముందు ఒకసారి. రెండంతస్తుల ఇంటికి ఆరుసార్లకు తగ్గకుండా. ఫీజును వాటికి ముడిపెట్టి విడతలుగా ఇస్తే ఇద్దరికీ మంచిది. గోతిలో అనుకున్న నేల తగలకపోతే ఫుటింగు మార్చి గీయడం కూడా అందులో భాగమని ముందే మాట్లాడుకోవాలి. ఇంకో షరతు తప్పనిసరి, ఇంజనీరుకు డబ్బు యజమాని నేరుగా ఇవ్వాలి. కాంట్రాక్టర్ తెచ్చుకున్న ఇంజనీరు, కాంట్రాక్టర్ పనిని ఆపమని చెప్పలేడు. చెప్పినా ఒక్కసారే చెబుతాడు.

మనిషిని ఎంచుకోవడంలో పట్టాలు చూడాలి, సివిల్‌లో బీటెక్ అందరికీ ఉంటుంది, స్ట్రక్చర్స్‌లో ఎంటెక్ ఉంటే ఇంకా మంచిది, స్థానిక సంస్థ ఇచ్చిన లైసెన్సు అమల్లో ఉండాలి. అయినా అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది మొదటి సంభాషణ. అతనే ప్రశ్నలు అడుగుతున్నాడా? స్థలం ఎక్కడ, పక్కన ఏముంది, మున్ముందు ఎన్ని అంతస్తులు, ట్యాంకు ఎక్కడ అని అడిగే మనిషి పని చేస్తాడు. ‘ప్లాను వాట్సాప్ చేయండి, రేపటికల్లా ఇచ్చేస్తా’ అనే మనిషి ఇచ్చేది ఏమిటో ఊహించవచ్చు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఊళ్లో అమ్మానాన్నలకు ఇల్లు కట్టించేవారికి ఇది ఇంకా ముఖ్యం. వారికి రోజూ వీడియోలు వస్తాయి, కానీ స్లాబు మీద నడుస్తూ తీసిన వీడియోలో రింగుల ఎడం తెలియదు. టేపు పెట్టి తీసిన ఫోటోలు, ఇంజనీరు తేదీ వేసి రాసిన అరపేజీ తనిఖీ నోటు అడిగి తెప్పించుకోవడం మేలు.

2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వెళ్లిన కూలీలు ఎందరో. డిజైను లోపానికి మొదట బలయ్యేది ఆ ఇంట్లో ఉండబోయేవారు కాదు, కట్టేవారు. 2025 మార్చిలో భద్రాచలంలో ఇలాగే కట్టుబడిలో ఉన్న అంతస్తులు కుప్పకూలి కార్మికులు పోయారు. పాత కట్టడం మీద కొత్తవి లేపుతున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి.

డాబా మీది చువ్వలు మళ్లీ ఇక్కడికే తీసుకొస్తాయి. పాత ఇంటి మీద అంతస్తు వేయాలనుకునేవారి దగ్గర డిజైను కాగితం లేకపోతే ఇంజనీరు చేసే పని ఇలా ఉంటుంది. ఒకటి రెండు పిల్లర్ల పక్కన నేల తవ్వించి ఫుటింగు అంచు దొరికేదాకా వెళతాడు, టేపుతో పొడవు, వెడల్పు, మందం కొలుస్తాడు. పిల్లరు మీద ప్లాస్టరు కొట్టించి, సుత్తిలాంటి చిన్న పరికరంతో కాంక్రీటు గట్టిదనం చూస్తాడు. అవసరమైతే ఒకచోట పెచ్చు తీసి లోపలి చువ్వలు లెక్కపెడతాడు. అన్నీ చూసి ‘వేయవచ్చు’ అనవచ్చు, ‘రేకుల గది దాకా అయితే సరే’ అనవచ్చు, ‘వద్దు’ అనవచ్చు. రెండు రోజుల పని, కాస్త ఖర్చు, ఇంటి చుట్టూ గోతులు. కట్టిన రోజునే ‘ఈ ఫుటింగులు కింద ఒకటి, పైన రెండంతస్తులకు మాత్రమే’ అని రాసిన ఆ ఒక్క పేజీ రిజిస్ట్రేషన్ దస్తావేజుల మధ్య దాచి ఉంటే ఈ తవ్వకాలేవీ ఉండేవి కావు.